సఫారీని ఇంట్లో కోసి డబుల్ క్యాబిన్ పికప్ చేయవచ్చా: కోయకముందు కొలవాల్సినవి

చెన్నై మాధవరంలో ఉంటున్న మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీ దగ్గర 2010 నాటి టాటా సఫారీ 2.2 ఫోర్ బై ఫోర్ ఉంది, పుత్తూరు దగ్గర మామిడి తోట ఉంది. ఆస్ట్రేలియాలో నిస్సాన్ పాట్రోల్, టొయోటా ల్యాండ్ క్రూజర్ బళ్ల వెనుక సగం కోసేసి తొట్టి కట్టుకుంటున్న వీడియోలు చూశారు. మీ షెడ్డులో మిగ్ వెల్డింగ్ మెషీను ఉంది కాబట్టి ఆ పని మీరే చేసుకోవచ్చా, ఎక్కడ కోయాలి, కోసిన చోట ఎలా మూయాలి, ఛాసిస్ పొడిగించాలా, చివరికి ఎంత బరువు వేయవచ్చు అని అడిగారు.

అంబత్తూరులో బళ్లకు బాడీలు కట్టే పనిలోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. పికప్‌లకు తొట్లు కట్టాము, ప్రమాదాల్లో నలిగిపోయిన క్యాబిన్‌లను తిరిగి నిలబెట్టాము. రేకు పని తెలిసినవారికి మీరు అడిగింది అసాధ్యమేమీ కాదు. అయితే ఈ పని చేయదగినదా కాదా అన్నది వెల్డింగ్ నైపుణ్యం తేల్చే విషయం కాదు. వెనుక సీటు వీపుకూ వెనుక యాక్సిల్‌కూ మధ్య ఉన్న దూరం దాన్ని తేలుస్తుంది. గ్రైండర్ చేతిలోకి తీసుకోకముందు మీరు చేయాల్సిన మొదటి పని ఆ దూరాన్ని కొలవడం.

బండిని సమమైన నేల మీద నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. వెనుక సీటు వీపు పై అంచుకు ఆనించి ఒక పొడవాటి బద్దను అడ్డంగా పెట్టి, దాని కొసను కిటికీలోంచి బయటికి తీసి, అక్కడి నుంచి తాపీ మేస్త్రీలు వాడే గుండు దారం వదిలితే నేల మీద ఒక గుర్తు పడుతుంది. వెనుక చక్రం మధ్య బిందువు నుంచి కూడా అదే విధంగా ఇంకొక గుర్తు పెట్టండి. మొదటి గుర్తును, సీటు వీపు వెనుక క్యాబిన్ గోడకూ, ఆ గోడకూ తొట్టికీ మధ్య వదలాల్సిన సందుకూ కలిపి కనీసం 150 మి.మీ. వెనక్కి జరపండి. మీ తొట్టి అక్కడ మొదలవుతుంది. ఆ గీత యాక్సిల్‌కు ఎంత ముందు పడితే అంత మేలు. ఏడుగురు కూర్చునే బళ్లలో అది దాదాపు ఎప్పుడూ యాక్సిల్ మీదనో, దాని వెనుకనో పడుతుంది. వెనుక తలుపు కింది అంచు చక్రపు గూడు మీదుగా వంపు తిరిగి ఉందంటే, కొలవకుండానే ఆ సంగతి మనకు తెలిసిపోతుంది.

కంపెనీలు ఇదే సమస్యను ఎలా పరిష్కరించాయో చూస్తే విషయం స్పష్టమవుతుంది. సఫారీ వీల్‌బేస్, అంటే ముందు వెనుక యాక్సిల్‌ల మధ్య దూరం, 2650 మి.మీ., అదే టాటా కంపెనీ డబుల్ క్యాబిన్ (రెండు వరుసల సీట్ల) పికప్ జెనాన్ వీల్‌బేస్ 3150 మి.మీ. మహీంద్రా స్కార్పియో 2680 ఉంటే, దాని నుంచి వచ్చిన పికప్ గెటవే 3040 ఉంది. ఫార్చ్యూనర్ 2745, హైలక్స్ 3085. ఇసుజు ఎంయూ-ఎక్స్ 2845, మనకు దగ్గరలోని శ్రీసిటీలో తయారయ్యే డీ-మ్యాక్స్ వి-క్రాస్ 3095. ఈ కంపెనీలేవీ ఎస్‌యూవీ వెనుక భాగాన్ని కోసి అదే పొడవులో తొట్టి కట్టి అమ్మలేదు. 250 నుంచి 500 మి.మీ. వరకు యాక్సిల్‌ను వెనక్కి నెట్టాకే తొట్టి పెట్టాయి, ఎందుకంటే సరకు బరువు యాక్సిల్ మీదనో, దానికి కాస్త ముందో పడాలి.

యాక్సిల్ వెనుక పడితే ఏమవుతుందో మీ బండి కొలతలతోనే లెక్క కట్టవచ్చు. 300 కిలోల సరకు మధ్య బిందువు యాక్సిల్‌కు 600 మి.మీ. వెనుక ఉందనుకుంటే, 300ను 600తో గుణించి 2650తో భాగించాలి. సుమారు 68 కిలోలు వస్తుంది. ముందు చక్రాల మీద ఆ మేరకు బరువు తగ్గుతుంది, వెనుక యాక్సిల్ మీద 300కు బదులు 368 కిలోలు పడుతుంది. సరకు 500 కిలోలై, మధ్య బిందువు 800 మి.మీ. వెనుక ఉంటే ముందు 151 కిలోలు తేలిపోతుంది, వెనుక 651 కిలోలు మోపుతుంది. తోటలో ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలికైపోయి బండి చెప్పిన మాట వినకపోవడానికీ, బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాలు చేయాల్సిన పని చేయలేకపోవడానికీ కారణం ఇదే.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. గ్యాస్ కిట్టుకూ, వికలాంగులకు అనువుగా చేసే మార్పులకూ దారి ఉంది కానీ, బాడీ రకాన్ని మార్చడం ఆ కోవలోకి రాదు. మీ ఆర్‌సీలో బాడీ రకం, సీట్ల సంఖ్య, ఖాళీ బండి బరువు, వీల్‌బేస్ అన్నీ ఉంటాయి. మీరు అనుకుంటున్న పని వీటిలో కనీసం మూడింటిని మారుస్తుంది. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధమైన మార్పులు చెల్లవని స్పష్టంగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆస్ట్రేలియాలో గుర్తింపు పొందిన ఇంజినీరు పనిని తనిఖీ చేసి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది, అందుకే అక్కడ ఇటువంటి బళ్లు రోడ్డెక్కుతున్నాయి. ఇక్కడ ఒరగడంలోని గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ వంటి పరీక్షా సంస్థలు ఉన్నా, అవి తయారీదారుల నమూనా బళ్లను పరీక్షించేందుకు ఏర్పడినవి. ఇంట్లో కట్టుకున్న ఒక్క బండిని ఆ దారిన గట్టెక్కించడం మనవంటివారి వల్ల అయ్యే పని కాదు. పైగా మీ బండికి 15 ఏళ్లు నిండాయి కాబట్టి ఆర్‌సీ పునరుద్ధరణకు తనిఖీ తప్పదు, అక్కడ ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ ఈ మార్పును చూపి చెల్లింపు నిరాకరించవచ్చు, ఎదుటి మనిషికి జరిగిన నష్టం మీ మెడకు చుట్టుకోవచ్చు.

కాబట్టి బండి చెన్నై నుంచి పుత్తూరుకు రోడ్డు మీద తిరగాలన్నదే మీ ఉద్దేశమైతే నా సలహా ఒక్కటే: కోయకండి. సఫారీని అమ్మి, వాడిన వి-క్రాస్ కొనుక్కోండి. దాన్ని సొంత వాహనంగానే నమోదు చేస్తారు. అలా కాక బండి తోట కంచె దాటి బయటికి రాదు, కాయల క్రేట్లూ మందు డ్రమ్ములూ మోయడానికే అన్నట్లయితే పని చేసుకోవచ్చు. అప్పుడు ఆర్‌సీ సంగతి ముందుగా ఆర్టీవో కార్యాలయంలో తేల్చుకుని, పని పూర్తయ్యాక బండిని రికవరీ వ్యాన్ మీద తోటకు చేర్చండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా తోట బండి గురించే.

కోతకు ముందు విప్పాల్సినవి చాలా ఉన్నాయి, వీటిలో ఇంధన ట్యాంకు మొదటిది. ఖాళీ చేస్తే చాలదు, దించి షెడ్డు బయట పెట్టాలి, ఎందుకంటే ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. సీట్లు, కప్పు లోపలి గుడ్డ, కార్పెట్, దాని కింద ఉండే తారు పలకలు అన్నీ తీసేయండి. నిప్పురవ్వ తగిలితే అవి లోపల లోపల రాజుకుంటాయి. బ్యాటరీ తీగలు రెండూ విప్పి, ఆల్టర్నేటర్, ఇంజిన్ కంట్రోల్ యూనిట్ ప్లగ్గులు కూడా తీయండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే బిగించండి. దూరంగా బిగిస్తే కరెంటు వీల్ బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. ఛాసిస్ నంబరు ఎక్కడ కొట్టి ఉందో వెతికి, దాని దరిదాపులకు గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ రాకుండా గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఎస్‌యూవీ బాడీ బలం దాని రేకులో లేదు, అది మూసి ఉన్న పెట్టె కావడంలో ఉంది. కప్పు, దాన్ని ఇరువైపులా మోసే నిలువు పిల్లర్లు, నేల, బండి చివర సామాను డోరు చుట్టూ ఉండే చట్రం, ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. లోపలి అర తీసేసిన అగ్గిపెట్టెను రెండు వేళ్లతో నొక్కితే ఎలా పక్కకు ఒరుగుతుందో, వెనుక చట్రం తీసేసిన క్యాబిన్ కూడా అలాగే ఒరుగుతుంది. ఒకసారి మా షెడ్డుకు ఇలా ఆధారం పెట్టకుండా కోసిన బండి ఒకటి వచ్చింది. ఎడమ వెనుక తలుపు పై మూలలో చూపుడువేలు దూరేంత సందు, కింది మూలలో తలుపు పిల్లర్‌కు రాసుకుని రంగు లేచిపోయి తెల్లటి ఇనుము కనిపిస్తోంది. తలుపు గొళ్లెం ఎంత సర్దినా అది పడలేదు, ఎందుకంటే తప్పు తలుపులో లేదు, పిల్లరే ముందుకు వంగిపోయింది. దాన్ని సరిచేయడానికి పట్టిన శ్రమతో కొత్తగా ఒక క్యాబిన్ కట్టవచ్చు.

అందుకని కోయకముందే లోపల ఆధారాలు వెల్డ్ చేయాలి. 25 మి.మీ. చదరపు ట్యూబు చాలు. వెనుక తలుపు ముందున్న పిల్లర్ నుంచి వెనకున్న పిల్లర్‌కు సగం ఎత్తులో అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి, తర్వాత ఎడమ పిల్లర్ నుంచి కుడి పిల్లర్‌కు నడుము ఎత్తులో ఒకటి, కప్పు దగ్గర ఒకటి, వాటి మధ్య మళ్లీ ఐమూలగా ఒకటి. తలుపులు బిగించే ఉంచండి. నాలుగు తలుపుల చుట్టూ సందులను గేజితో కొలిచి, మాస్కింగ్ టేపు అంటించి అక్కడికక్కడే అంకె రాసిపెట్టుకోండి. పని జరుగుతున్నన్ని రోజులూ, ప్రతి పెద్ద అతుకు తర్వాతా ఆ అంకెలతో పోల్చి చూడండి. సందు ఒక మిల్లీమీటరు కదిలితే అక్కడే ఆగి కారణం వెతకాలి.

కోత వెనుక తలుపు వెనకున్న పిల్లర్ మీద పడకూడదు. పిల్లర్ పూర్తిగా మిగిలి, దాని వెనుక ఇంకా 100 మి.మీ. వరకు పక్క రేకూ కప్పూ నిలిచి ఉండాలి. ఆ అంచుకే కొత్త గోడ అతుకుతుంది. వెనుక సీటు బెల్టుల పై బిగింపు ఆ పిల్లర్‌లో ఉందా, దానికి వెనుక ఉందా అన్నది ప్లాస్టిక్ తొడుగు తీసి కళ్లతో చూసుకున్నాకే గీత గీయండి. బెల్టు బిగింపు వెనుక ఉంటే, దాన్ని మార్చడానికి లోపల మందమైన పలక వెల్డ్ చేసి దాని మీద బిగించాలి. పలుచటి రేకుకు నట్టు అతికిస్తే అది ఆపదలో ఊడి వస్తుంది. బెల్టు సంగతి సరిగా కుదరకపోతే వెనుక సీటులో మనిషిని కూర్చోబెట్టవద్దు, తోటలో అయినా సరే.

మూయడానికి రెండు పద్ధతులున్నాయి. ఆస్ట్రేలియాలో చాలామంది బండి వెనుక చివరి భాగాన్నే, అంటే కప్పు చివరనూ వెనుక గాజునూ దాని చట్రంతో సహా, ముందుకు జరిపి పిల్లర్ల వెనుక అతికిస్తారు. వంపులు కంపెనీవే కాబట్టి చూడ్డానికి అందంగా ఉంటుంది. అయితే బాడీ వెనక్కి పోతున్నకొద్దీ వెడల్పూ ఎత్తూ మారుతుంటాయి కాబట్టి రెండు అంచులు కలవవు. మూలల్లో చీలికలు పెట్టి, కొంచెం తెరిచి, మధ్యలో సన్నటి ముక్కలు అతికి సర్దాలి. అందులోనూ సఫారీ కప్పు ముందు సీట్ల వెనుక ఒక మెట్టు పైకి లేస్తుంది కాబట్టి మూయాల్సిన ఎత్తు ఎక్కువ. మొదటిసారి చేసేవారికి నేను ఈ పద్ధతి చెప్పను. రెండోది, 1.2 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు రేకుతో గోడ చేయించడం. చదునైన రేకు పెడితే బండి కదిలినంతసేపూ డప్పులా మోగుతుంది, అందుకని రేకు పనివారి దగ్గర అడ్డంగా గాడులు ఒత్తించాలి. గోడ చుట్టూ చదరపు ట్యూబుతో పూర్తి చట్రం ఉండాలి, రేకు ఆ చట్రానికి తోలు మాత్రమే.

గోడలో గాజు పెట్టాలనుకుంటే ముందు గాజు కొనండి, తర్వాత దాని కొలతకు రంధ్రం కోయండి. టఫెండ్ గాజును కోయలేము, కోయబోతే పొడి అయిపోతుంది. చెన్నైలో పాత బళ్ల విడిభాగాలు అమ్మే పుదుప్పేటలో పాత పికప్‌ల వెనుక గాజులు రబ్బరు బీడింగుతో సహా దొరుకుతాయి. బీడింగు పగుళ్లు లేకుండా ఉన్నదే తీసుకోండి. కిటికీ గాజులున్న వైపు తడి గోనెపట్టా కప్పకుండా గ్రైండర్ తిప్పవద్దు, రవ్వలు గాజులో గుచ్చుకుంటే ఆ చుక్కలు ఎప్పటికీ పోవు.

వెల్డింగ్ విషయంలో చెప్పేది కొంచెమే. 0.8 మి.మీ. వైరు వాడి చుక్కలు చుక్కలుగా, ఒక చుక్క ఇక్కడ, ఇంకొకటి దూరంగా పెడుతూ, చల్లారనిచ్చి మధ్య ఖాళీలు నింపుకుంటూ రావాలి. ఏకధాటిగా లాగితే రేకు ముడతలు పడుతుంది. జింకు పూత ఉన్న రేకైతే అతుకు చోట పూత గీకేసి, గాలి ఆడేచోట పని చేయండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ఎక్కడా రంధ్రం మిగలకూడదు. వెనుక సందుల గుండా సైలెన్సర్ పొగ క్యాబిన్‌లోకి ఎక్కుతుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

గోడ కట్టాక క్యాబిన్ వెనుక అంచు దేని మీద కూర్చుంటుందో చూడాలి. ఈ బళ్లలో బాడీ, ఛాసిస్ మీద రబ్బరు బుష్‌ల ద్వారా కూర్చుంటుంది. కోసినప్పుడు వెనుక బుష్‌లు తొట్టి కిందికి పోతాయి, క్యాబిన్ వెనుక భాగం గాలిలో వేలాడుతుంది. కొత్త గోడ చట్రానికి సరిగ్గా కింద, రెండు వైపులా, ఛాసిస్ నుంచి బ్రాకెట్లు తీసి అదే రకం రబ్బరు బుష్‌లు పెట్టాలి. ఈ బ్రాకెట్లను ఛాసిస్ పక్క గోడకే అతకాలి. పై అంచు, కింది అంచు మీద అడ్డంగా వెల్డింగ్ చేస్తే పగులు అక్కడే మొదలవుతుంది. తొట్టి వేరు, క్యాబిన్ వేరు. రెండింటి మధ్య 30 మి.మీ. దాకా సందు ఉండి తీరాలి. మడుగు దాటేటప్పుడు ఛాసిస్ మెలితిరిగితే రెండూ వేర్వేరుగా కదులుతాయి. అందం కోసం ఆ సందును రేకుతో మూసి వెల్డ్ చేసినవారి బళ్లలో కొద్దికాలానికే గాజు పగలడమో, గోడ మూల చీలడమో జరుగుతుంది. మిగిలిపోయిన పాత బుష్‌ల స్థానాలు తొట్టి బిగించడానికి పనికొస్తాయి.

ఛాసిస్ పొడిగించవద్దు. కొలిచాక దూరం నచ్చక మీకు ఆ ఆలోచన తప్పకుండా వస్తుంది, అయినా వద్దు. పెట్టె ఆకారంలో ఉన్న ఛాసిస్‌ను కోసి మధ్యలో ముక్క పెట్టాలంటే రెండు దూలాలూ జిగ్‌లో, అంటే బిగించి పట్టే చట్రంలో, కదలకుండా ఉండాలి, అతుకు చుట్టూ వేడికి బలం తగ్గిన చోటును లోపలి పలకలతో, బయట వజ్రాకారపు పలకలతో కాపాడాలి. ఆ తర్వాత ఇంజిన్ శక్తిని వెనుక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడిగించి బ్యాలెన్స్ చేయించాలి, బ్రేకు గొట్టాలు, హ్యాండ్ బ్రేకు తీగ, ఇంధన గొట్టాలు, వైరింగ్ అన్నీ మార్చాలి. ఇంటి షెడ్డులో రెండు దూలాలను ఒకే తలంలో నిలబెట్టడం సాధ్యం కాదు. చిన్న తొట్టితో సరిపెట్టుకోవడమే మంచిది.

బరువు ఎంత వేయవచ్చన్న ప్రశ్నకు సమాధానం ఇప్పుడు సులువే. రేకు తీసేశాను కాబట్టి యాక్సిల్ బలం పెరిగిందని అనుకోకూడదు. కోయకముందే బండిని కాటాకు తీసుకెళ్లి ముందు చక్రాల బరువు, వెనుక చక్రాల బరువు విడివిడిగా రాయించుకోండి. కోసి తీసిన ముక్కలనూ సీట్లనూ తూకం వేయండి, కట్టిన తొట్టి బరువు కలపండి. 3 మి.మీ. ఉక్కు రేకు చదరపు మీటరుకు 24 కిలోల దాకా తూగుతుంది, అదే మందం అల్యూమినియం 8 కిలోలే. తొట్టి ఉక్కుతో కడితే మీరు మిగుల్చుకున్న బరువంతా తొట్టికే పోతుంది, అందుకని అడుగు అల్యూమినియం గళ్ల రేకుతో వేయండి. సఫారీ వెనుక కాయిల్ స్ప్రింగులు మనుషుల సుఖం కోసం పెట్టినవి, జెనాన్‌లో ఉన్నట్టు లీఫ్ కట్టలు కావు. గట్టి స్ప్రింగులు వేయించాలని చూస్తారు కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. బండి వెనుక భాగం ఎంత దిగిందో చూసి వెనుక బ్రేకు బలాన్ని సర్దే వాల్వు మీ బండికి ఉంటే, గట్టి స్ప్రింగు వల్ల బండి దిగదు కాబట్టి అది బండి ఖాళీగానే ఉందనుకుని వెనుక బ్రేకును తగ్గిస్తుంది. స్ప్రింగు మారిస్తే ఆ వాల్వు లంకెను కూడా సర్దించాలి. మీ కొలతల్లో తొట్టి అంతా యాక్సిల్ వెనుకే పడే అవకాశం ఎక్కువ కాబట్టి, 20 కిలోల మామిడి క్రేట్లు పన్నెండుకు మించి వేయవద్దని నా సలహా. వాటిని కూడా తొట్టి ముందు గోడకు ఆనించి పేర్చండి.

పని జనవరి తర్వాత మొదలుపెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మలో గీకిన ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది, మీ షెడ్డు సముద్రానికి మరీ దూరమేమీ కాదు. ఏ రోజు గీకిన చోటుకు ఆ రోజే ప్రైమర్ వేయండి. అతుకులన్నిటికీ నీరు చొరకుండా సీమ్ సీలర్ పట్టించి, పిల్లర్ల లోపలికీ కొత్త చట్రపు ట్యూబుల లోపలికీ మైనపు రస్ట్‌ప్రూఫింగ్ స్ప్రే కొట్టాలి, ఎందుకంటే తుప్పు బయటి నుంచి కాదు, అతుకు లోపలి వైపు నుంచి తింటుంది. ట్యూబుల అడుగున నీరు కారిపోయే రంధ్రాలు వదలడం మరచిపోవద్దు. రంగు వేయకముందే ఒకరిని క్యాబిన్ లోపల టార్చితో కూర్చోబెట్టి, బయటి నుంచి గొట్టంతో అతుకుల మీద అరగంట నీళ్లు పట్టండి. తడి కనిపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టించి, ఎండబెట్టి, మళ్లీ సీలర్ వేశాకే రంగుకు దిగండి.